రాతి మీద బెత్తెడు మట్టి

పొలం కొనబోయే రైతు ముందు చూసేది మట్టి లోతు. గడ్డపార సులువుగా దిగితే సంతోషం. రెండు పోట్లకే ఖంగుమని రాయి తగిలిందా... బేరం అక్కడితో సరి! అడుగున బండ, పైన గులకరాళ్లు, మధ్యలో చారెడు మట్టి, వానాకాలంలో కాస్త గడ్డి. ఇలాంటి నేలకి మనం పెట్టుకున్న పేర్లు బీడు, బంజరు, గుట్ట. పశువులను తోలడానికి తప్ప ఎందుకూ పనికిరాదని అందరి లెక్క.

ఆ లెక్క ఎంత తప్పో కళ్లారా చూడాలంటే సెప్టెంబరులో మహారాష్ట్రలోని సతారా వెళ్లాలి. ఊరికి పడమటగా పాతిక కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 1200 మీటర్ల ఎత్తున సహ్యాద్రి కొండల మీద బల్లపరుపుగా పరచుకుని ఉంటుంది కాస్ పఠార్. మరాఠీలో పఠార్ అంటే పీఠభూమి. పరిమాణంలో పది చదరపు కిలోమీటర్లు, అంతే. అందులో దాదాపు 850 రకాల పూలమొక్కలను గుర్తించారు. పడమటి కనుమల్లో 39 చోట్లకు 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది కదా... వాటిలో ఇదొకటి.

మేం హైదరాబాద్ నుంచి కారులో జహీరాబాద్, షోలాపూర్ మీదుగా వెళ్లాం. జహీరాబాద్ పరిసరాల్లో ఎర్రటి, చిల్లులు చిల్లులుగా ఉండే రాయి కనిపిస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి, కాస్ కథ మొత్తం ఆ రాయిదే. దక్కన్ అంతటా పరచుకున్న నల్లరాయి, అంటే బసాల్టు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా గడ్డకట్టి ఏర్పడింది. లక్షల ఏళ్లపాటు వేడీ వానా తగలగా తగలగా అందులోని సున్నం, పొటాష్, సిలికా కొట్టుకుపోయాయి. మిగిలిన ఇనుము, అల్యూమినియం గట్టిపడి పైన ఎర్రటి పెంకులా తయారయ్యాయి. దాన్నే లాటరైట్ అంటారు. కేరళ ప్రాంతంలో ఈ రాతిని చూసిన ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో లాటిన్‌లో ఇటుక అనే మాట నుంచి ఆ పేరు పెట్టాడు. అక్కడి జనం దీన్ని ఇటుకల్లా కోసుకుని ఇళ్లు కట్టుకునేవారట మరి!

సతారా దాటి యవతేశ్వర్ ఘాట్ ఎక్కి పైకి చేరాక మొదట కనిపించేది పొగమంచు. అది కాస్త తొలిగితే... నేలంతా రంగులే. ఒకచోట గులాబీ రంగు కాశీతుంబ జాతి పూలు, పక్కనే పసుపుపచ్చ సోన్కీ పూలు, ఆ పక్కన తెల్ల బొత్తాలు కుట్టినట్టు ఎరియోకాలాన్. వీటిని మరాఠీలో గేంద్ అంటారు. పసుపు రేకుల మీద రెండు ఎర్ర చుక్కలుండే స్మిథియాని పిల్లలు చూడగానే మిక్కీమౌస్ అనేస్తారు, అక్కడ దానికి ఆ పేరే స్థిరపడిపోయింది. ఫొటోల్లో చూసి ఇవి నడుమెత్తు పూలతోటలనుకుంటాం గానీ చాలా మొక్కలు జానెడు కూడా ఉండవు. మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప అసలు అందం కనిపించదు.

మాకు దారి చూపించిన స్థానిక మహిళ వంగి, రాతి పగుల్లో చూపుడువేలు పెట్టి చూపించింది. రెండు కణుపులు దిగేసరికి కింద రాయి. ‘‘ఇంతే తాయీ, దీని మీదే ఇవన్నీ’’ అంది మా ఆవిడతో. చాలాచోట్ల ఆ మాత్రం కూడా లేదు. ఒకచోట అంగుళం, ఒకచోట బెత్తెడు, పక్కనే ఉత్త బండ మీద నాచు. ఆ మట్టి కూడా ఎక్కడి నుంచో వచ్చి పడింది కాదు. బండ మీద నాచు, రాతిపువ్వు పెరిగి, ఎండి, కుళ్లి, అరిగిన రాతి పొడితో కలిసి గుంటల్లో, పగుళ్లలో తరతరాలుగా పేరుకున్నది.

ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కింద రాయి కావడంతో నీళ్లు ఇంకవు. పల్లంలో మట్టి నెలల తరబడి నానుతుంది, మిట్ట మీద మాత్రం రెండు రోజులు ఎండ కాస్తే పొడిబారుతుంది. అందుకే నాలుగు అడుగుల తేడాలో పూలు మారిపోతాయి. ఏ మొక్క ఎక్కడుందో చూసి అక్కడ మట్టి ఎంత లోతో, నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పేయొచ్చు. పంచాంగం చూసినంత పని!

అంత వాన పడ్డా ఈ మట్టిలో సారం ఉండదు. ముఖ్యంగా నత్రజని బాగా తక్కువ. ఎరువు లేని చోట మొక్క ఏం తినాలి? కొన్ని మొక్కలు పురుగుల్ని తింటాయి! బడి సైన్సు పుస్తకంలో చదివిన డ్రోసెరా, యుట్రిక్యులేరియా రెండూ ఇక్కడ కాళ్ల దగ్గరే కనిపిస్తాయి. డ్రోసెరా ఆకుల మీద మంచుబిందువుల్లా మెరిసేది జిగురు, వాలిన దోమ ఇక లేవదు. యుట్రిక్యులేరియా చూడ్డానికి నీలి ఊదా రంగులో ముచ్చటైన చిట్టిపువ్వు. మరాఠీలో దాన్ని సీతమ్మ కన్నీళ్లంటారు. దాని వేటంతా తడిమట్టి లోపల. ఆవగింజకన్నా చిన్న తిత్తులుంటాయి, పక్కనుంచి వెళ్లే సూక్ష్మజీవిని రెప్పపాటు కన్నా వేగంగా లోపలికి పీల్చేస్తాయి. పేరు సీతమ్మది, పని మాత్రం లంకిణిది.

అక్టోబరు చివరికి అంతా ముగిసిపోతుంది. ఏప్రిల్‌లో వెళ్తే కాలుతున్న పెనం లాంటి బండ, దాని మీద ఎండిన గడ్డి. ‘ఇక్కడా పూలు?’ అనుకుంటారు. విత్తనాలు పగుళ్లలో, దుంపలు మట్టి కింద నిద్రపోతుంటాయి. మూడు నెలల్లో మొలిచి, పూసి, గింజ వేసుకుని వెళ్లిపోవడమే ఇక్కడి బతుకు. వేరు దిగే చోటు లేక పెద్ద చెట్లు రావు. చెట్లు రావు కాబట్టే ఈ చిన్న మొక్కలకు ఎండ దక్కుతోంది. ఇదే లోతైన నల్లరేగడి అయితే పొదలూ చెట్లూ ఎప్పుడో కమ్మేసేవి. మట్టి లేకపోవడమే వీటికి రక్ష.

మన దగ్గరా ఇంతే కదా. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడి నుంచి తెస్తారు? గుట్ట వాలు నుంచి, బీడు నుంచి, గట్ల మీది నుంచి. కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో అభయారణ్యంగా ప్రకటించింది కూడా ఎవరికీ పట్టని గడ్డిబీడునే, బట్టమేక పిట్ట కోసం. మనిషి నడుమెత్తుండే ఆ పక్షి నేల మీదే ఒక్క గుడ్డు పెడుతుంది. చుట్టూ సాగు పెరిగి, బీళ్లు తరిగి, అది అక్కడ కనిపించడమే గగనమైంది. దేశం మొత్తంలో మిగిలినవి 150 లోపే అంటున్నారు.

అయినా మన సర్కారీ లెక్కల్లో బంజరు భూముల పట్టికలో రాతి బంజరు అని ఒక గడి ఇప్పటికీ ఉంది. హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే అట్లాసులో ఆ మాట చూడొచ్చు. బంజరని రాసుకున్నాక దాన్ని ‘బాగు’ చేయాలనిపించడం సహజం. మొక్కలు నాటుదామని ఒకరు, గనులు తవ్వుదామని ఒకరు. సతారాకే చెందిన చాల్కేవాడి పీఠభూమి మీద గాలిమరలు బారులు తీరాయి. కొల్హాపూర్ వైపు ఇలాంటి కొండల్నే బాక్సైట్ కోసం తవ్వారు. గాలి కరెంటు వద్దని కాదు. కానీ ఒక్కో మర పునాదికీ, దాని దాకా వేసిన రోడ్డుకీ ఎంత మట్టి పోయిందో ఎవరూ లెక్క రాయరు.

కాస్‌కి ఆ బెడద తప్పినా మనుషుల బెడద వచ్చింది. సెలవు రోజున పూల మధ్య పడుకుని ఫొటో దిగే జంటల్ని మేమే చూశాం. కాపలా అమ్మాయి ఈల ఊది ఊది అలసిపోయింది. పువ్వు మళ్లీ ఏడాది పూస్తుంది, తొక్కిన చోట గట్టిపడి వానకు కొట్టుకుపోయిన ఆ అంగుళం మట్టి మాత్రం మన మనవల కాలానికీ తిరిగిరాదు. అందుకే రోజుకు మూడు వేల మందికే అనుమతి అనే నియమం పెట్టారు. నిర్వహణ చుట్టుపక్కల ఊళ్ల కమిటీలది, టికెట్టు డబ్బుతో అక్కడివాళ్లకు కాపలా పని దొరుకుతోంది.

జనాన్ని ఆపడానికి మధ్యలో కొన్నేళ్లు ఇనుపకంచె వేశారు. దాంతో పశువులూ ఆగిపోయాయి. మేసేవి లేక గడ్డి ఏపుగా పెరిగి చిన్నపూలను మింగేస్తోందని స్థానికులు మొత్తుకున్నారు. చివరికి కంచె తీసేశారు. ఎన్ని పశువులు మేస్తే మేలు, ఎన్నయితే చేటు అన్నది ఇంకా తేలాల్సిన లెక్కే. అయితే పశువులకే పనికొస్తుందని మనం తీసిపారేసే నేలకి పశువులూ పనికొస్తాయన్నమాట!

పఠార్ అంచున కాస్ చెరువుంది, బ్రిటిష్ కాలం నుంచీ సతారాకి అది తాగునీరు ఇస్తోంది. తూర్పు వాలున పడిన వాన ఉర్మోడి నదిలోకి, పడమటి వాలున పడింది కోయనలోకి వెళ్తాయి. ఎటు వెళ్లినా రెండూ చివరికి చేరేది కృష్ణలోకే. శ్రీశైలం, నాగార్జునసాగర్, విజయవాడ దాకా వచ్చే నీటిలో ఆ బండ మీద జారిన చుక్కలూ ఉంటాయి.

వెళ్లాలనుకుంటే ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల వరకు మంచి కాలం. వానలను బట్టి పూత ఓ వారం అటూఇటూ అవుతుంది. పుణె నుంచి సతారా సుమారు 110 కిలోమీటర్లు, రైలూ బస్సులూ ఉన్నాయి. సతారా నుంచి బస్సులో గానీ జీపులో గానీ పైకి చేరొచ్చు. ముందుగానే ఆన్‌లైన్‌లో టికెట్టు తీసుకోండి, శని ఆదివారాలు వద్దు. బాటల మీదే నడవాలి. పైన హోటళ్లు నమ్ముకోకుండా తినడానికి ఏదైనా వెంట పెట్టుకోండి. గొడుగు కన్నా రెయిన్‌కోటు నయం, ఆ గాలికి గొడుగు నిలవదు.