బుడమేరు వచ్చి వెళ్లాక

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి, విజయవాడ సింగ్‌నగర్‌లో మా గడప దాటింది. బియ్యం డబ్బా తేలింది, ఫ్రిజ్ ఒరిగింది, పెళ్లి ఆల్బమ్ ముద్దయింది. పై వాటావాళ్లు తలుపు తీసి పిలిచారు. అంతవరకూ మెట్ల దగ్గర తలూపడమే తప్ప మాటల్లేవు. డ్రోన్ దించిన అన్నం పొట్లాన్ని ఆ ఇంటి పిన్నిగారు విప్పి, తన పిల్లలకన్నా ముందు మా అమ్మ చేతిలో పెట్టారు. నీళ్లు తీశాక అటక మీద పెట్టె దించితే నాన్నగారి పాత ఉత్తరాలు, పొడిగానే ఉన్నాయి. బురద కడగడం ఆపి అమ్మ వాటిని పైకి చదివింది. ఆ గొంతులో అంత సంతోషం ఎన్నేళ్లకు విన్నానో! వరదను క్షమించలేను. కానీ పిన్నిగారు ఇప్పుడు మా మనిషి. మీ పై వాటావాళ్లతో ఇంకా మాటలు కలవలేదా? వానాకాలం రాకముందే పలకరించండి.