అద్దములోని యక్షరములు

అంబులెన్సు నొసట దాని పేరు కుడియెడమలు తారుమారుగా వ్రాసియుండుట మీరును జూచియే యుందురు. అది వ్రాసినవాని పొరబాటని మేము చాలకాలము నవ్వుకొంటిమి.

నిరుడు వేసవిలో మా యత్తగారికి గుండెనొప్పి రాగా 108కు ఫోను చేసితిమి. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున మొదలైన యీ సేవ నేడు పల్లెలకును జేరినది. ఆమె చేయి పట్టుకొని బండిలో గూర్చుంటిమి. కూత వినబడుచున్నను ముందున్న కారొకటి తొలగదాయెను. మా చేతిలోని చేయి చల్లబడుచుండెను. ఇంతలో కారువాడు తన యద్దమున జూచెను కాబోలు, గభాలున ప్రక్కకు తప్పుకొనెను.

ఆసుపత్రికడ డ్రైవరు చెప్పెను: "ఆ వ్రాత ముందుపోవువారి యద్దము కొఱకేనమ్మా! అందులో తిన్నగా కనబడును." మా నవ్వునకు మేమే సిగ్గుపడితిమి. అత్తగారు బ్రదికిరి.

దారి యియ్యనివారికి 10,000 రూపాయల జుల్మానాగాని, ఆరు నెలల వఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునని 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించిరి. చట్టమున కంటె ముందు మన కన్ను మేలుకొనవలదా? నేడు కారు నడపు సోదరీమణులు అనేకులు గలరు. ఇకమీదట బండి యద్దమున బొట్టు చూచుకొనునప్పుడు, వెనుక వచ్చు ప్రాణమును గూడ చూతము.