దిక్కులేక

నిరుడు అనువాద పరీక్షలో విద్యార్థులకు ఒక ఇంగ్లీషు వాక్యం ఇచ్చాను. ఒక ముసలామె గుమ్మంలో 'డెసొలేట్లీ' కూర్చున్నదని. చాలామంది 'ఒంటరిగా' అన్నారు, కొందరు 'విషాదంగా' అన్నారు. ఒక అమ్మాయి మాత్రం 'దిక్కులేక' అని రాసింది. ఎర్రసిరాతో కొట్టివేసి అర మార్కు తగ్గించాను. మూలంలో ఉన్నది మనఃస్థితి గదా, ఈమె సాంఘిక స్థితి రాసిందేమని నా అభ్యంతరం.

ఆ అమ్మాయిది విజయవాడ వన్ టౌన్‌లో కొండమీది ఇల్లు. తండ్రి బజారులో మూటలు మోస్తాడు. కాగితం పట్టుకొని వచ్చి, "మేస్టారూ, మా నాయనమ్మ రోజంతా గుమ్మంలోనే కూర్చుంటుందండీ. మనసు బాగోక కాదు. మేమంతా పనులకు పోతాం, ఆవిడ మెట్లు దిగలేదు" అన్నది.

జవాబు తోచక నిఘంటువు తెరిచాను. లాటిన్‌లో 'సోలస్' అంటే ఒంటరి. 'డెసొలేట్'కు మూలమైన క్రియకు అర్థం ఒంటరిని చేయడం, విడిచిపోవడం. అంటే ఈ మాట వెనుక ఒక కర్త ఉన్నాడు. క్రియావిశేషణం అయ్యేసరికి ఆ కర్త కనుమరుగై, కూర్చున్న మనిషి ముఖకవళిక మాత్రమే మిగిలింది. మన 'గా' ప్రత్యయమూ తరచు ఇదే పని చేస్తుంది.

తెలుగుకు వేరే దారులున్నాయి. మనుషులు పోయిన ఇల్లు బావురుమంటుంది; బేరాలు లేని బజారు వెలవెలబోతుంది; రాత్రివేళ తోడులేని పిల్లవాడు బిక్కుబిక్కుమంటాడు. వీటిలో దేని కారణం దానికి ఉంది. 'దిక్కు' అన్నది దిశ, ఆధారం కూడా. అది లేకపోవడం మనసుకు పట్టిన జబ్బు కాదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వన్ టౌన్ వీధులు నిర్మానుష్యంగా ఉన్నాయని నేనే ఒక మిత్రునికి రాశాను. రోజుకూలీ పోయిన ఇళ్ళు ఆ వీధుల పైన కొండమీదనే ఉన్నవి. నా వాక్యంలో అవి లేవు.

'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది. అందులోని 'భిక్షువర్షీయసి'ని ఏటేటా పాఠం చెబుతాను. దారిపక్క ముసలిదాని దుర్గతికి బాధ్యులెవరని శ్రీశ్రీ అడిగాడని చెబుతాను. అదే ప్రశ్న జవాబు కాగితంలో ఎదురైతే తప్పుగా దిద్దాను.

అన్నిచోట్లా 'దిక్కులేక' సరిపోతుందని అనను. బీడుమీద వీచే గాలికి ఆ మాట పనికిరాదు. కాని గుమ్మంలో మనిషి కూర్చొని ఉన్నప్పుడు ఆమెను అక్కడ వదిలినదేమిటో అనువాదకుడు అడగవలసిందే. అర మార్కు తిరిగి వేశాను. ఈ ఏడు ఆ వాక్యాన్నే మళ్ళీ తరగతిలో ఇచ్చి, ముందుగా ఆ అమ్మాయి జవాబు చదివి వినిపించాను.