యేటి వెనకాలే

మా అమ్మ అరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా సముద్రం చూడలేదు. మా ఊరు గుడియాత్తంలో రైలెక్కితే మూడు గంటల్లో చెన్నై పట్నం. తిరుపతికి లెక్కలేనన్నిసార్లు పోయింది, వేలూరు ఆసుపత్రికి నాయనతో ఏడాదిపాటు తిరిగింది, పలమనేరులో పుట్టిల్లు. సముద్రం వైపు మాత్రం కాలు పడలేదు. మగ్గం ఉన్న ఇంట్లో పండగలుంటాయి గానీ సెలవులుండవు. పడుగు మగ్గం మీద ఉంటే మనిషి ఊళ్లో ఉండాల్సిందే.

పోయిన డిసెంబరులో పిల్లల అర్ధసంవత్సరపు పరీక్షలు కాగానే బయల్దేరాం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. నాయన రాలేదు. "సగం బట్ట మగ్గం మీదుంది, మీరు పోయిరండి" అన్నాడు. ఆయనకిప్పుడు ఆ బట్ట నేస్తే వచ్చే కూలి అవసరం లేదు. వీధిలో చాలా ఇళ్లలో పవర్‌లూమ్‌లు వచ్చేశాయి. అయినా సగంలో వదిలేసి గడప దాటడం ఆయనకు చేతకాదు.

రైలు కాట్పాడి, వాలాజా రోడ్డు దాటుతుంటే పిల్లలకు చెప్పాను. దక్షిణాదిన మొదటి ప్రయాణికుల రైలు 1856లో రాయపురం నుంచి ఈ వాలాజా రోడ్డు దాకానే నడిచింది. అమ్మ కిటికీలోంచి పాలారును వెతుకుతూ కూర్చుంది. మా ఊరి మధ్యనుంచి పోయే యేరు కౌండిన్య. పలమనేరు వైపు కొండల్లో పుట్టి, మా ఊరు దాటి పాలారులో కలుస్తుంది. అంటే అమ్మ పుట్టింటినుంచి మెట్టినింటికి ఆ యేరూ వచ్చిందన్నమాట. చాలా నెలలు అందులో ఇసకే. 2021 నవంబరు వానలకు మాత్రం మోర్ధానా ఆనకట్ట పొర్లి, కౌండిన్య ఊళ్లోకి వచ్చింది. ఆ రాత్రి యేటి గట్టు ఇళ్లవాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చారు. ఆ హోరు విన్న రాత్రే అమ్మ అడిగింది, "ఈ నీళ్లన్నీ యాడికి పోతాయిరా?" అని. సముద్రానికి, అన్నాను. ఆ ప్రశ్న ఆమె మనసులో అట్లాగే ఉండిపోయిందని నాకు తరవాత గాని తెలియలేదు.

పట్నంలో రెండు రోజులున్నాం. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూశాం. కృష్ణ ఒడ్డునుంచి వచ్చిన ఆ రాళ్ల ముందు మావాళ్లతో తెలుగులో గుసగుసగా మాట్లాడుతుంటే ఏదో మన ఇంటి సామాను పరాయి ఊళ్లో కనబడినట్టనిపించింది. మెరీనాలో గుగ్గిళ్లు తిన్నాం, లైట్‌హౌసు కింద గుర్రమెక్కాలని చిన్నది మారాం చేసింది. అమ్మ అలలకు పదడుగుల ఇవతలే నిలబడింది. ఎంత పిలిచినా నీళ్లలోకి రాలేదు. "ఇది సముద్రమే, కానీ మన నీళ్లు ఈడికి రావు కదా" అంది. నిజమే, పాలారు కలిసేది ఇక్కడ కాదు.

మరుసటి పొద్దున ఆటోలో చింతాద్రిపేట మీదుగా పోతుంటే ఆ పేరు సంగతి చెప్పాను. తఱి అంటే అరవంలో మగ్గం. చిన్నతఱిపేట. 1730లలో ఈస్టిండియా కంపెనీవాళ్లు సుంకురామ చెట్టి తోటలో నేతగాళ్లను తెచ్చి కాపురం పెట్టించిన చోటు. అసలు ఈ పట్నమే బట్ట కోసం పుట్టింది. ఇతర చోట్లకంటే ఇక్కడ 20 శాతం చవకగా గుడ్డ దొరుకుతుందని కంపెనీ దొర ఫ్రాన్సిస్ డే తనవాళ్లకు రాశాడు. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర ఈ ఇసకనేల పట్టా పుచ్చుకున్నాడు. ఆ నాయకుడి తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నమైంది. మనవాళ్లు ఈ కథ చెప్పేటప్పుడు కోట గురించి, తెల్లదొరల గురించి చెబుతారు. ఆ 20 శాతం చవక ఎవరి వేళ్లలోంచి, ఎవరి కూలిలోంచి వచ్చిందో కూడా చెప్పాలని నాకనిపిస్తుంది. అమ్మ అంతా విని, "మన మూటలు కూడా పట్నానికే కదా పోయేది" అంది. నా చిన్నప్పుడు వ్యాపారి వారానికోసారి వచ్చి గళ్ల లుంగీలు లెక్కబెట్టి మూట కట్టించేవాడు. పట్నంలో అవి ఓడెక్కుతాయని నాయన చెప్పేవాడు. కండెలు చుట్టింది అమ్మ. ఆ దారాలు ఎప్పుడో సముద్రం దాటాయి.

మూడోరోజు కారు మాట్లాడుకుని తూర్పు తీరపు రోడ్డు పట్టాం. ఎడమపక్క సరుగుడు తోటలు, వాటి సందుల్లో నీలం. కోవళం దగ్గర ఆగితే ఒక పెద్దాయన పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అమ్మ కళ్లు వల మీద లేవు, ఆయన కట్టుకున్న లుంగీ మీద ఉన్నాయి. దగ్గరికి పోయి అంచు చూసి, ఎక్కడ కొన్నావయ్యా అని అరవంలో అడిగింది. పట్నంలో ఏదో అంగట్లోనట. ఉప్పుకి, ఎండకి రంగు వెలిసింది గానీ అంచు చెక్కుచెదరలేదు. "చేతి నేతే" అంది నావైపు తిరిగి. మా ఊరిదో కాదో ఎవరూ చెప్పలేరు. మూట మీద వ్యాపారి గుర్తుంటుంది, నేసినవాడి పేరుండదు.

మహాబలిపురంలో పిల్లలకు ఉండ్రాయిలా నిలబడ్డ ఆ పెద్ద బండ నచ్చింది. నాకు రాజసింహుడు కట్టించిన తీరపు గుడి. అమ్మ మాత్రం ఆ పెద్ద రాతిచెక్కడం ముందు గంటసేపు కదల్లేదు. అర్జునుడి తపస్సంటారు కొందరు, భగీరథుడి గంగ అంటారు కొందరు. రెండు బండల మధ్య నిలువు చీలికలో నాగులు పైకి ఈదుతుంటాయి. పైన తొట్టిలో నీళ్లు నింపి ఆ చీలికలోకి వదిలేవారని పండితులంటారు. ఏనుగులు, దేవతలు, వేటగాళ్లు, వెనక కాళ్ల మీద నిలబడ్డ పిల్లి, అందరూ ఆ నీటికోసమే వచ్చినట్టుంటారు. అమ్మ పిల్లలకు భగీరథుడి కథ చెప్పింది. ఆయన ముందు నడిచాడు, గంగ వెనక నడిచింది అంది.

కల్పాక్కం దాటాక పొడుగాటి వంతెన వచ్చింది. బోర్డు మీద పాలారు అని ఉంది. నేను చెప్పేలోగా అమ్మే చదివింది. అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషి, ఆ ఒక్క మాట మాత్రం గబుక్కున చదివింది. కారాపించాం. నందికొండల నుంచి 348 కిలోమీటర్లు వచ్చిన యేరు. పైన ఎక్కడ చూసినా ఇసకే అనుకునే యేరు. ఇక్కడ ఇంత వెడల్పున నీళ్లు, కొంగలు, తూర్పుకు పోయే కొద్దీ వెలుగు. సముద్రం అల్లంత దూరంలో ఉందని డ్రైవరు చెయ్యి చూపించాడు.

"మన యేటి పేరు యాడా రాయలేదే" అంది అమ్మ.

పాలారులో కలిశాక కౌండిన్యకు వేరే పేరు లేదు మా, అన్నాను. ఆమె కాసేపు కమ్మీ పట్టుకుని నిలబడింది. కొంగు ముడి విప్పి మూడు రూపాయి బిళ్లలు తీసింది. ఒకటి తను వేసింది, పిల్లలిద్దరికీ చెరొకటి ఇచ్చి వేయించింది. "మీ తాతది కూడా" అని ఇంకొకటి వెతికింది, లేదు. నా జేబులోంచి ఇచ్చాను.

ఆ సాయంత్రం పుదుచ్చేరిలో, గాంధీ విగ్రహం దగ్గర, మెట్లు దిగి ఆమె మొదటిసారి నీళ్లలో పాదాలు పెట్టింది.

తిరుగు రైలు మా స్టేషనుకు చేరేసరికి బాగా పొద్దుపోయింది. స్టేషను ఊరికి దూరం. పిల్లలు ఆటోలో నిద్రపోయారు. కౌండిన్య వంతెన మీదికి రాగానే అమ్మ ఆటో అబ్బాయిని మెల్లగా పొమ్మంది. తల బయటపెట్టి కిందికి చూసింది. వీధిదీపం వెలుగులో ఇసక మధ్య ఒక సన్నటి తడి చార.

"ఈడ ఎంత సన్నంగా ఉండాదో సూడు" అంది.

ఇంటి దగ్గర దీపం వెలుగుతోంది. మగ్గం చప్పుడు వీధి మొదటికే వినిపించింది.