బల్ల మీద ఎవరి కహానీ?

తినే చోట ఏ బొమ్మలుండాలి? మన ఇళ్లలో ఈ సవాల్‌కి జవాబ్ తేలిక. జాన్‌దార్ తస్వీరులు వద్దు, బేల్‌బూటా చాలంటారు పెద్దలు. అలా పెరిగినందుకేనేమో, ఐర్లండ్ పాత డైనింగ్ సామాన్ ఫొటోలు చూస్తే నా నజర్ ముందు చెక్కలోని మొహాల మీదే పడింది.

1740ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు డబ్లిన్ కారీగర్లు మహోగని చెక్కతో గోడవార వేసే వడ్డన బల్లలు చేశారు. ముందు పట్టీ మధ్యలో సింహం మొహం. కొన్నిటి మీద, మద్యం దేవుడు బాకస్ వెంట తిరిగే సాటిర్ మొహం. కాళ్ల చివర వెంట్రుకలతో సహా జంతువు పంజాలు. నక్కాషీకి సలాం చేయాల్సిందే. కానీ ఆ కహానీలు గ్రీసువి, రోమువి. చెక్క కరీబియన్ దీవులది, అక్కడ చెట్లు నరికింది గులాములు. తిన్నది ఇంగ్లిషు హుకూమత్ అండ ఉన్న జమీందార్లు. పొలం దున్నిన ఐరిష్ రైతుకి ఆ బల్ల మీద జగా లేదు.

1845లో ఆలుగడ్డకి తెగులొచ్చింది. 1849 దాకా సాగిన కహత్‌లో దాదాపు 10 లక్షల మంది పోయారు. ధాన్యం మాత్రం ఓడలెక్కి బయటికి పోతూనే ఉంది. 1847లో ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ మజీద్ 1000 పౌండ్ల ఇమ్దాద్ పంపారు.

1851లో లండన్ మహా ప్రదర్శనకి డబ్లిన్ వాసి ఆర్థర్ జోన్స్ వేరే రకం సామాన్ తెచ్చాడు. చెక్క ఐర్లండ్ బురదనేలల్లో కూరుకుపోయి నిలిచిన యూ చెట్టుది. బొమ్మలు ఐర్లండ్ తారీఖ్‌వి. ఒక కుర్చీకి రెండు చేతులూ వేటకుక్కలే. ఒకటి నెమ్మదిగా పడుకుని ఉంటుంది, ఇంకోటి కోపంగా ఉంటుంది.

వాటిని చూస్తే నాకు అక్కడి పాత దాస్తాన్ గుర్తొస్తుంది. సెటాంటా అనే పిల్లాడు కులన్ అనే కమ్మరి ఇంటి దావత్‌కి ఆలస్యంగా వెళ్తాడు. మీద పడిన కాపలా కుక్కని చంపేస్తాడు. ఇంకో కుక్కపిల్ల పెరిగేదాకా నీ వాకిలి నేనే కాస్తానని జబాన్ ఇస్తాడు. అప్పటి నుంచి అతని పేరే ‘కులన్ కుక్క’. ఆ దాస్తాన్‌లో దావత్ తిన్నవాళ్లకంటే వాకిలి కాసినవాడికే ఇజ్జత్ ఎక్కువ.

కహత్ తర్వాత ఐరిష్ భాష చాలా ఇళ్లలో ఆగిపోయింది. ఇది చదివినప్పుడు నాకు మన ఇళ్లే కనిపించాయి. నాది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగులో. మా నానీ దస్తర్‌ఖాన్ అంచున షేర్లు అచ్చేసి ఉండేవి, తింటూ చదివేవాళ్లం. మా పిల్లలకిప్పుడు ఆ హరఫ్‌లూ బేల్‌బూటాలాగే కనిపిస్తున్నాయి. ఈ రంజాన్‌లో ఇఫ్తార్‌కి ముందు రోజుకో షేర్ చదివించాలని నియత్ చేశాను. మీ ఇంట్లో అలాంటిది సందూక్‌లో ఉంటే, బయటికి తీసి పరవండి.