షజ్రా, రెండు డబుల్ కోట్స్

రిటైరయ్యాక అబ్బా మా ఖాందాన్ షజ్రా రాయడం మొదలుపెట్టారు. నా పాత కంప్యూటర్‌లో ఉబుంటు వేసి ఇచ్చాను. మామూలు టెక్స్ట్ ఫైల్‌లోనే, తరం మారినప్పుడల్లా నాలుగు స్పేసులు లోపలికి జరిపి పేర్లు కొట్టేవారు. మర్హూం అయినవాళ్ల పేరు ముందు ఒక స్టార్ గుర్తు, దాని తర్వాత ఖాళీ. దాదా పేరు మనవడికి పెట్టడం మా రివాజ్ కదా, ఒకే పేరు నాలుగు చోట్ల వస్తుంది. ఎవరు ఎవరి ఔలాదో చెప్పేది ఆ ఖాళీ జాగాలే.

అబ్బా చెహలుం అయ్యాక ఆయన పేరు ముందు కూడా స్టార్ పెట్టాను. ఫైల్ పైన తారీఖు చేర్చి చుట్టాలందరికీ పంపాలనుకున్నాను. చేత్తో చేస్తే నిమిషం పని. కానీ మన హుషారీ ఊరుకోదుగా! క్యాట్ కమాండ్ ఔట్‌పుట్‌ను ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, ఎకోతో మళ్లీ అదే ఫైల్‌లోకి తోశాను. ఎకో పక్కన డాలర్ గుర్తు, వేరియబుల్ పేరు. చుట్టూ డబుల్ కోట్స్ లేవు.

తెరిచి చూస్తే ఏడు తరాలూ ఒకే లైన్‌లో ఉన్నాయి. పైగా స్టార్ ఉన్న ప్రతిచోటా ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లు వచ్చి కూర్చున్నాయి. మా పర్‌దాదా పేరు ముందు కరెంటు బిల్లు, రేషన్ కార్డు స్కాన్! వేరే కాపీ లేదు.

షెల్ తప్పేమీ లేదు. కోట్స్ లేని వేరియబుల్‌ను బాష్ స్పేసు, ట్యాబ్, కొత్త లైన్ దగ్గర ముక్కలు చేస్తుంది. విడిగా కనిపించిన స్టార్‌ను "ఇక్కడున్న ఫైళ్లన్నీ" అని అర్థం చేసుకుంటుంది. ఎకో ఆ ముక్కల మధ్య ఒక్కో స్పేసు పెట్టి వరసగా రాసేస్తుంది. డబుల్ కోట్స్ ఉంటే లైన్లు, స్పేసులు, స్టార్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే దిగేవి. చివర్లో ఖాళీ లైన్లుంటే అవి మాత్రం వేరియబుల్‌లోకి తీసుకునేటప్పుడే పోతాయి. అసలు వేరియబుల్ ఎందుకు? కమాండ్ పక్కన గ్రేటర్ దాన్ గుర్తు పెట్టి నేరుగా కొత్త ఫైల్‌లోకి పంపితే ఏదీ చెదరదు. స్క్రీన్ మీద కూడా చూడాలంటే టీ అనే కమాండ్ ఉంది. ఇప్పుడు నేను నోక్లాబర్ కూడా ఆన్ చేసి పెట్టుకున్నాను. అది ఉంటే గ్రేటర్ దాన్ గుర్తు పాత ఫైల్‌ను చెరిపెయ్యదు. అక్ల్ ఆలస్యంగా వచ్చింది.

ఆ ఒక్క లైన్‌నే ప్రింట్ తీసుకుని ఫుప్పు దగ్గరికి వెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "క్యా రే బేటా, యే షజ్రా హై యా ఖిచ్డీ?" అంది. తిట్టలేదు. తస్బీహ్ పక్కన పెట్టి వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది. నాలుగు ఆదివారాలు పట్టింది. ఆమె చెప్తుంటే నేను స్పేసులు కొట్టాను. అబ్బా ఎప్పుడూ చెప్పని కిస్సాలు బోలెడు విన్నాను. రంగూన్ వెళ్లి తిరిగిరాని చిన్న దాదా గురించి అప్పుడే తెలిసింది.

ఒక్క ఆడపిల్ల పేరు దగ్గర మాత్రం ఫుప్పు ఆగిపోయింది. చిన్నప్పుడే పోయిందట, ఎవరి బిడ్డో యాద్ లేదంది. అబ్బాకు తెలిసే ఉంటుంది. ఆ పేరు ఇప్పుడు ఫైల్ చివర్లో, ఒక్క స్పేసు కూడా లేకుండా ఎడమ అంచుకు ఉంది. ముందు స్టార్ పెట్టాను.