పెరట్లో బొప్పాయి

బొప్పాయి పెంచడం కూడా ఒక విద్యేనా అని నవ్వేవాళ్లలో నేనూ ఒకణ్ణి. విత్తు విసిరేస్తే మొలిచే చెట్టుకు పాఠాలేమిటి అనుకునేవాణ్ణి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు, మా బరంపురం పెరట్లోని బొప్పాయి నడిమికి విరిగింది. దాని మాను గుల్ల. ఆ గాలికి ఏం ఆగుతుంది? మర్నాడు అమ్మ పడిన కాయల్లో ఒక పండు ఏరి, విత్తులమీది జిగురుపొర పోయేటట్టు బూడిదతో రుద్ది, నీడన ఆరబెట్టి, గుడ్డలో మూటగట్టింది.

మరుసటి వేసవిలో వాటిలో కొన్ని వేసి, మొలిచిన ఒక మొక్కను నాటింది. చెల్లెలి పురుటికి ఇచ్ఛాపురం వెళ్తూ, "నీళ్లు చూసుకో నాయనా" అని నాకు అప్పగించింది. నేను గుమాస్తాను, అప్పగించిన పని పొల్లుపోనివ్వను. మొదట్లో లోతుగా పాదు తీసి, ఆఫీసునుంచి రాగానే రెండు బాల్చీలు గుమ్మరించేవాణ్ణి. ఆషాఢంలో వానలు పట్టినా మానలేదు. ఒకసారి రెండురోజులు ముసురుపట్టి పాదునిండా నీరు నిలిచింది. ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. మొదలు కుళ్లి మెత్తబడింది. చేత్తో నెడితే ఒరిగిపోయింది.

అమ్మ వచ్చి ఆ మోడును తడిమి చూసింది. "నీళ్లు చూసుకోమన్నాను గాని, ముంచమన్నానా నాయనా?" అంది. అంతే. తిట్టినా బాగుండేదనిపించింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పక్కింటి ఒడియా మావుసి సంగతి విని నవ్వింది. ఆవిడ భాషలో బొప్పాయి పేరు అమృతభండా. దానికి తడి కావాలి గాని మడుగు పనికిరాదని చెప్పి, మూరెడు ఎత్తున మట్టిదిబ్బలు పోయించి, నీరు పోయేందుకు చుట్టూ కాలువ తీయించింది. మూటలో మిగిలిన విత్తులు వానలు వెళ్లాక వేస్తే మూడే మొలిచాయి. పూత పూసేదాకా బొప్పాయిలో పోతో పెంటో తెలియదు. వేసవికి రెండు చెట్లు మానును అంటిపెట్టుకుని పూశాయి. మూడోది పొడుగాటి కాడలకు గుత్తులు వేలాడేసింది; అది పోతు. కొట్టేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "అది లేకపోతే ఇవి కాస్తాయిట్రా?" అంది.

ఆ ఏటి వానలకు దిబ్బలమీది చెట్లు చెక్కుచెదరలేదు. పచ్చికాయలు మావుసి ఇంట దాల్మాలోకి, మా ఇంట పప్పులోకి వెళ్లాయి. పళ్లూడిన అమ్మ ముగ్గిన పండు చెంచాతో తిని, "బాగుందిరా" అంది.

అమ్మ పోయి మూడేళ్లయింది. బొప్పాయి మూడునాలుగేళ్లకు మించి సరిగా కాయదు గనుక ఆ చెట్లూ ఇప్పుడు లేవు. వాటి పండ్ల విత్తులే మళ్లీ మళ్లీ వేస్తున్నాను. ఆషాఢం ముసురులో అర్ధరాత్రి మెలకువ వస్తే, టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్లి కాలువ పూడిందేమో చూసి వస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీండి, నీళ్లు చూసుకోమని నాకు అప్పగించింది మా అమ్మ.